యూఎస్‌డీటీ యాప్‌లో విత్‌డ్రాయల్ ఆగింది, గ్రూపులో చాలామంది ఇరుక్కున్నారు: ఫిర్యాదు ఎలా వేయాలి? (బెంగళూరు)

మారతహళ్ళి మోడ్

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్ళ టెలిగ్రామ్ గ్రూపు, 400 మంది దాకా ఉన్నాం. అద్దె ఇళ్ళకీ, కార్‌పూల్‌కీ, సంక్రాంతి బస్సు టికెట్లకీ పెట్టుకున్న గ్రూపు. అందులో ఒక సభ్యుడు ‘రోజుకి 1.5 శాతం’ అంటూ ఏఐ ట్రేడింగ్ యాప్ ఒకటి తిప్పాడు. ప్లేస్టోర్‌లో లేదు, లింకు నుంచి ఏపీకే (యాప్ ఫైలు) దించుకోవాలి. గత శుక్రవారం నుంచి విత్‌డ్రాయల్స్ అన్నీ ‘రివ్యూ’లోనే ఉన్నాయి. బ్యాలెన్సులో 20 శాతం ‘ట్యాక్స్’ ముందు కడితే విడుదల చేస్తారట.

కొందరు యూపీఐ, ఐఎంపీఎస్‌తో ఎవరెవరివో కరెంటు అకౌంట్లకి వేశారు. కొందరు క్రిప్టో ఎక్స్‌ఛేంజీలో పీ2పీగా, అంటే ఇంకో వ్యక్తి దగ్గర నేరుగా, యూఎస్‌డీటీ (డాలరు విలువకి కట్టిన క్రిప్టో) కొని, యాప్ ఇచ్చిన అడ్రసుకి టీఆర్‌సీ-20లో (ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ మీద) పంపారు. మొదట్లో చిన్న చిన్న మొత్తాలు వెనక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో ఇద్దరి శాలరీ అకౌంట్లు ఇప్పుడు ఫ్రీజ్. నలభై మంది బాధితుల్లో సగం మంది ఇక్కడ, మిగతావాళ్ళు హైదరాబాద్, గుంటూరు. అందరం కలిసి ఒకే ఫిర్యాదు ఇవ్వొచ్చా? యూఎస్‌డీటీ మీద ఆశ పెట్టుకోవచ్చా? యాప్ తెచ్చిన సభ్యుడు తన డబ్బూ పోయిందంటున్నాడు, అతని పేరు రాయాలా? గొడవలు ముదురుతున్నాయి, గ్రూపు డిలీట్ చేసేయమని ఒత్తిడి ఉంది. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

కౌంటర్ నంబర్ 3

గ్రూపు డిలీట్ చేయకండి. కొత్త పోస్టులు అడ్మిన్లు మాత్రమే పెట్టేలా మార్చి, ‘20 శాతం ఎవరూ కట్టొద్దు’ అని పిన్ చేయండి. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను మనమే చలానాతో ఆదాయపు పన్ను శాఖకి కడతాం. 1 శాతం టీడీఎస్ అమ్మినప్పుడు వచ్చే డబ్బులోంచే కోస్తారు. మన బ్యాలెన్సు మనకివ్వడానికి బయటి నుంచి కొత్త డబ్బు తెచ్చి యాప్‌కి కట్టమనే పన్ను ఈ దేశంలో లేదు.

రూపాయల్లో వేసినవాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టాలి. ఎవరు ముందు అంటే, ఆఖరున వేసినవాళ్ళు ముందు. పది రోజుల కిందట వేసింది ఈపాటికి నాలుగైదు అకౌంట్లు దాటి ఉంటుంది. నిన్నో మొన్నో వేసిందైతే ఇంకా ఎక్కడో ఆగి ఉండే అవకాశం ఉంది. ఫిర్యాదు నమోదు కాగానే డబ్బు చేరిన బ్యాంకుకి టికెట్ వెళ్తుంది, అకౌంటులో మిగిలినంత వరకు హోల్డ్ పడుతుంది. ముందుకి వెళ్ళిపోయిన భాగానికి ఆ పై బ్యాంకుకి టికెట్ సాగుతుంది. ఇదంతా యూటీఆర్ నంబరు (ఒక్కో చెల్లింపుకి బ్యాంకు దగ్గర ఉండే నంబరు) మీద నడుస్తుంది, తప్పులన్నీ జరిగేదీ అక్కడే. యూపీఐ, ఐఎంపీఎస్‌కి యూటీఆర్ 12 అంకెలు, నెఫ్ట్‌కి 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్‌కి 22. పేమెంట్ యాప్ పైన పెద్దగా కనబడే సొంత ట్రాన్సాక్షన్ ఐడీ వేరు, దాన్ని రాస్తే బ్యాంకుకి ఏమీ దొరకదు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రాయండి. ఐదుసార్లు వేసినవాళ్ళు మొత్తం కలిపి ఒక్క ఎంట్రీగా పెట్టేస్తుంటారు, అలా కాదు. తేదీ, మొత్తం, యూటీఆర్‌తో ఐదు ఎంట్రీలు ఉండాలి. ఇందుకే నలభై మంది పేరున ఒకే ఫిర్యాదు పోర్టల్లో పనికిరాదు. ఎవరి ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు వాళ్ళకి ఉండాలి.

‘మూడు పనిదినాల్లో చెబితే బ్యాంకే మొత్తం తిరిగిస్తుంది’ అనే మెసేజ్ ఒకటి మీ గ్రూపులో కూడా తిరుగుతూ ఉంటుంది. అది 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌లోంచి వచ్చిన మాట. మన అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకే వర్తిస్తుంది. మోసపోయి అయినా సరే, పిన్ కొట్టింది మనమే అయితే అందులోకి రాదు. బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పడం మాత్రం మానొద్దు.

ఫ్రీజ్ అయిన ఇద్దరి సంగతి. వాళ్ళకి ‘లాభం’గా వచ్చిన డబ్బు ఇంకో బాధితుడు వేసిన డబ్బే. ఆ బాధితుడు ఎక్కడో ఫిర్యాదు పెట్టి ఉంటాడు, గొలుసు వీళ్ళ దాకా వచ్చింది. బ్రాంచికి వెళ్ళి మూడు వివరాలు రాతలో అడగాలి: ఏ పోలీస్ స్టేషన్, ఏ ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. వచ్చింది 6,000 అయితే 6,000కే లీన్ (ఆ మొత్తం వరకే నిలుపుదల) పెట్టి మిగతాది వదలమని దర్యాప్తు అధికారికి ఈమెయిల్ రాయాలి. స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు, యాప్‌లోని పేఅవుట్ స్క్రీన్‌షాట్, తామూ బాధితులమేనని చూపే సొంత ఫిర్యాదు కాపీ జతచేయాలి. ఆ మొత్తానికి మించి అకౌంటంతా బిగించడం సరికాదని పలు హైకోర్టులు అన్నాయి. అధికారి కదలకపోతే ఆ దారి ఉంది, ఖర్చు మాత్రం అవుతుంది. ఈలోపు హెచ్ఆర్‌కి చెప్పి జీతం వేరే బ్యాంకుకి మార్పించుకోవాలి. ‘6,000 ఈ యూపీఐకి పంపితే విడిపిస్తాం’ అని స్టేషన్ పేరుతో ఫోన్ వస్తే పంపకూడదు.

గొలుసు లెక్క

యూఎస్‌డీటీ వైపు నేను చెబుతా. ట్రాన్‌లో బ్లాకు మూడు సెకన్లకొకటి, నిమిషంలో లావాదేవీ ఖాయమైపోతుంది. వెనక్కి తిప్పే మీట ఎవరి దగ్గరా లేదు. ఆశ ఉన్నచోట్లు రెండు: డబ్బు ఏదైనా పెద్ద ఎక్స్‌ఛేంజీకి చేరితే ఆ అకౌంటుని ఆపించడం, లేదంటే యూఎస్‌డీటీ జారీచేసే టెథర్ ఆ అడ్రసుని బ్లాక్‌లిస్టులో పెట్టడం. రెండూ పోలీసులో కోర్టో అడిగితేనే అవుతాయి, మన ఈమెయిలుకి అవవు. కాబట్టి మన పనల్లా అధికారి చేతిలో తప్పుల్లేని దారిపటం పెట్టడమే.

ఒక్కొక్కరు తమ పంపకానికి ట్రాన్సాక్షన్ హాష్ (ఆ లావాదేవీ గుర్తింపు కోడ్) తీయాలి, 64 అక్షరాలు ఉంటుంది. ఎక్స్‌ఛేంజీ విత్‌డ్రాయల్ హిస్టరీలో దొరుకుతుంది. ట్రాన్ అడ్రసు ఇంగ్లిషు ‘టీ’తో మొదలై 34 అక్షరాలు ఉంటుంది. హాష్‌ని ట్రాన్ లావాదేవీలు ఎవరైనా చూడగలిగే ట్రాన్‌స్కాన్ సైట్లో పెట్టి, అక్కడి నుంచి ఎక్కడికెళ్ళిందో చూడండి. మామూలుగా ఈ యాప్‌లు ఒక్కొక్కరికీ వేరే అడ్రసు ఇస్తాయి, కాసేపటికి అన్నింటినీ ఊడ్చి ఒక గుంపు అడ్రసులో పోస్తాయి. ఊడ్చాలంటే మామూలుగా ప్రతి అడ్రసులో ఫీజుకి కొంచెం టీఆర్ఎక్స్ (ట్రాన్ సొంత నాణెం) కావాలి. ఆ టీఆర్ఎక్స్ ఎవరు వేశారో చూడండి, చాలాసార్లు అందరి అడ్రసులకీ ఒకే చోటు నుంచి వస్తుంది. మీ నలభై మంది ఒకే మోసగాడి బాధితులని చూపడానికి అంతకన్నా గట్టి ఆధారం దొరకదు. గుంపు అడ్రసు నుంచి బయటికి వెళ్ళేవాటిలో ఎక్స్‌ఛేంజీ లేబుల్ కనబడితే అక్కడితో ఆపేయండి. ఎక్స్‌ఛేంజీ లోపలికి పోయాక బ్లాక్‌చెయిన్ మీద వెంటాడటం దండగ, అందరి డబ్బూ ఒకే మడుగు. తేదీ, సమయం, హాష్, మొత్తం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఇవన్నీ ఒక షీటులో పెట్టండి. సమయం యూటీసీయా (అంతర్జాతీయ సమయం) మన టైమా అన్నది రాయండి, ఐదున్నర గంటల తేడాతో అధికారులు తికమకపడతారు.

అడ్రసుని వాలెట్ హిస్టరీలోంచి కళ్ళతో చూసి కాపీ చేయొద్దు. మొదటి, చివరి అక్షరాలు సరిపోయే దొంగ అడ్రసు నుంచి సున్నా మొత్తం పంపి హిస్టరీలో దూర్చడం ట్రాన్‌లో మామూలు. అది ఫిర్యాదులోకి ఎక్కితే దర్యాప్తు ఎటో పోతుంది.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. పీ2పీలో యూఎస్‌డీటీ అమ్మినవాడు దొంగ కానక్కరలేదు. మీ రూపాయలు తీసుకున్నాడు, మీ ఎక్స్‌ఛేంజీ వాలెట్లో యూఎస్‌డీటీ వేశాడు, ఆ బేరం అక్కడితో పూర్తి. 1930లో ఆ చెల్లింపుని మోసంగా పెడితే అతని అకౌంటు బిగుసుకుంటుంది, మీ సొమ్ము రాదు. మోసం జరిగింది ఆ తర్వాతి మెట్టులో, మీరు యాప్ అడ్రసుకి పంపినప్పుడు. ఎక్స్‌ఛేంజీ బయట, యాప్ ‘కస్టమర్ కేర్’ చూపించిన మనిషి దగ్గర కొన్నారంటే కథ వేరు, అతన్ని తప్పకుండా రాయండి.

ఏపీకే ఫోన్లలో ఇంకా ఉందా? ముందు యూజర్ ఐడీ, ఇన్వైట్ కోడ్, డిపాజిట్ అడ్రసు, వెబ్ చిరునామా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఏపీకే ఫైలుని కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. ఆ తర్వాతే తీసేయండి. దానికి ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఇచ్చినవాళ్ళు ఇప్పుడే రద్దు చేయాలి. సొంత వాలెట్‌ని యాప్‌కి కనెక్ట్ చేసినవాళ్ళుంటే, అందులోంచి డబ్బు తీసుకోవడానికి యాప్‌కి ఇచ్చిన అప్రూవల్ ఇంకా బతికే ఉంటుంది. కొత్త సీడ్‌తో (వాలెట్‌ని తెరిచే రహస్య పదాల వరసతో) కొత్త వాలెట్ చేసి మిగిలింది అక్కడికి మార్చుకోవాలి.

సెక్షన్ సారథి

పై ఇద్దరూ చెప్పింది సరే. పోర్టల్లో ఎక్‌నాలెడ్జ్‌మెంట్ వస్తే ఎఫ్ఐఆర్ అయిపోయినట్టు చాలామంది అనుకుంటారు. కాదు. స్టేషన్‌కి వెళ్ళాలి. బెంగళూరులో డివిజన్‌కొక సెన్ స్టేషన్ ఉంది, సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాలకి. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు, అందుకే మామూలు స్టేషన్‌లో అడిగితే సెన్‌కే పంపుతారు. నలభై మంది గుంపుగా వెళ్ళొద్దు. పెద్ద మొత్తం పోయిన, కాగితాలు శుభ్రంగా ఉన్న ఇద్దరు ముగ్గురు ఫిర్యాదుదారులుగా వెళ్ళి, మిగతావాళ్ళ పట్టికని ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్లతో జతచేయండి. వాళ్ళు తర్వాత సాక్షులుగా చేరతారు.

సెక్షన్లు ఇవి: బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4) మోసం, 319 వేషం మార్చి మోసం, ఐటీ చట్టం 66డీ అదే మోసం కంప్యూటర్ ద్వారా. రోజుకింత రాబడి అని హామీ ఇచ్చారు కనుక 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టాన్నీ ఫిర్యాదులో అడగండి. క్రిప్టో పెట్టుబడి ‘డిపాజిట్’ కిందికి వస్తుందా అన్నది వాదన పడే విషయమే, కానీ చేరితే ఆస్తుల జప్తుకి దారి తెరుచుకుంటుంది. హైదరాబాద్, గుంటూరు వాళ్ళు అక్కడే ఇవ్వొచ్చు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173 కింద పరిధి సాకుతో తిప్పి పంపకూడదు. తీసుకోకపోతే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో, అప్పటికీ కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గరికి.

ఎఫ్ఐఆర్ కన్నడలో ఉంటుంది. సంతకానికి ముందు కన్నడ చదవగలిగే మనిషితో మొత్తాలు, తేదీలు, అకౌంటు నంబర్లు చదివించుకోండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. హోల్డ్ అయిన డబ్బు దానంతట అది తిరిగిరాదు. మామూలుగా బీఎన్ఎస్ఎస్ 503 కింద కోర్టులో అర్జీ వేయాలి. తెలంగాణలో ఈ పని లోక్ అదాలత్‌ల ద్వారా బాగా జరిగింది, కాబట్టి హైదరాబాద్ వాళ్ళు అక్కడ అడగాలి.

ఆ సభ్యుడి పేరు విషయం. రాయాలి.

కౌంటర్ నంబర్ 3

సారథి గారూ, అతనూ ముంచబడినవాడే కావొచ్చు కదా. పేరు రాస్తే ముందు చిక్కేది అతనే, అసలువాళ్ళు ఏ దేశంలో ఉన్నారో.

సెక్షన్ సారథి

కావొచ్చండీ. అందుకే ‘దొంగ’ అని రాయొద్దంటాను. ఏ తేదీన ఏ మెసేజ్ పెట్టాడు, ఎవరి ఇన్వైట్ కోడ్ వాడమన్నాడు, రెఫరల్ కమీషన్ ఎంత వచ్చింది, ఇంతే రాయాలి. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది అధికారి తేల్చుకుంటారు. అతని పైన అతన్ని చేర్చినవాడు ఒకడుంటాడు, ఆ పేరు ఇవ్వగలిగింది ఇతనొక్కడే. తనూ బాధితుడినంటే తన ఫిర్యాదు తనే వేసి, కమీషన్ లెక్క అందులో చూపించడం అతనికే మంచిది.

అతని బండి తాళాలు లాక్కోవడం, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టించుకోవడం, ఫోటో పెట్టి గ్రూపుల్లో తిప్పడం చేస్తే కేసు మీ మీదికి తిరుగుతుంది. బెదిరించి వసూలు చేయడం ఒక నేరం, పరువునష్టం ఇంకొకటి.

మారతహళ్ళి మోడ్

చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. ‘బ్లాక్‌చెయిన్ రికవరీ ఏజెంటు’ అంటూ ఒకడు సభ్యులకి విడివిడిగా మెసేజ్ పెడుతున్నాడు, 10 శాతం అడ్వాన్సుకి తెప్పిస్తాడట. ఒకరి వాలెట్లో యూఎస్‌డీటీ కనబడేలా కూడా చేశాడు. రెండోది, చాట్ మొత్తం ఎలా తీయాలి?

గొలుసు లెక్క

వాలెట్లో కనబడింది యూఎస్‌డీటీ పేరు పెట్టుకున్న వేరే టోకెన్ అయి ఉంటుంది. పేరు, బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు. ట్రాన్‌స్కాన్‌లో ఆ టోకెన్ కాంట్రాక్ట్ అడ్రసుని టెథర్ తన సైట్లో చూపే కాంట్రాక్ట్‌తో పోల్చండి. సభ్యుల జాబితా వీడికి మీ గ్రూపులోంచే దొరికింది. 100 మంది దాటిన గ్రూపుల్లో సభ్యుల్ని దాచే సెట్టింగ్ అడ్మిన్లకి ఉంటుంది, ఆన్ చేయండి. వాడి మెసేజులూ ఫిర్యాదుకి జతచేయండి, తరచూ మొదటి ముఠానే రెండో వేషంలో వస్తుంది.

చాట్ తీయడం ఫోన్‌లో కాదు, టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో. గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్. హెచ్‌టీఎంఎల్ ఒకసారి, జేసన్ ఒకసారి తీయండి. హెచ్‌టీఎంఎల్ అధికారి చదువుకోవడానికి. జేసన్‌లో ప్రతి మెసేజ్ పక్కన యూజర్ అంకెల ఐడీ ఉంటుంది. యూజర్‌నేమ్ రేపు మార్చేయొచ్చు, ఆ అంకె మారదు. ఇప్పుడే కొత్తగా లాగిన్ అయిన కంప్యూటర్ అయితే 24 గంటలు ఆగమనవచ్చు, కాబట్టి ఇప్పటికే లాగిన్ ఉన్నవాళ్ళతో తీయించండి. యాప్ ‘కస్టమర్ కేర్’తో నడిచిన ప్రైవేటు చాట్లు ముందు తీయాలి, ఎదుటివాడు రెండు వైపులా చెరిపేయగలడు.

సెక్షన్ సారథి

తీసిన ఫోల్డర్‌ని జిప్ చేసి, ఎస్‌హెచ్ఏ-256 హాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) తీసి కాగితం మీద రాసి పెట్టుకోండి. సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్లో ఆ హాష్ రాయాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపుతారు. పెన్‌డ్రైవ్‌లు రెండు, ఒకటి స్టేషన్‌కి, ఒకటి మీ దగ్గర. జిప్‌ని తెరిచి లోపల ఒక్క ఫైలు పేరు మార్చి మళ్ళీ కట్టినా హాష్ మారిపోతుంది, అందుకే చదువుకోవడానికి వేరే కాపీ పెట్టుకోండి.