పాప తొమ్మిదో తరగతి హైదరాబాద్‌లో అయింది, టెన్త్ గ్రేడ్ ఫ్రిస్కోలో. కాలేజీ కోసం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము జూన్‌లో హైదరాబాద్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కో వచ్చాం. మా ఆయనది హెచ్1బీ వర్క్ వీసా, నాదీ పాపదీ దానిమీద ఆధారపడే హెచ్4 వీసా. పాప అక్కడ సీబీఎస్‌ఈలో తొమ్మిది పూర్తి చేసింది, ఆగస్టులో ఇక్కడ టెన్త్ గ్రేడ్‌లో చేరాలి. కంప్యూటర్ సైన్స్ చదవాలని తన కోరిక. ఇక్కడ పరిచయమైనవాళ్లలో ఒకరు ఇప్పుడే ఎస్‌ఏటీ (కాలేజీ అడ్మిషన్ పరీక్ష) కోచింగ్‌లో చేర్చమంటున్నారు, ఇంకొకరు కన్సల్టెంట్‌కి వేల డాలర్లు కట్టామంటున్నారు. అక్కడైతే ఇంటర్, ఎంసెట్, జేఈఈ అని దారి తెలుసు. ఇక్కడ ఏది ముందో ఏది వెనకో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు (ఫ్రిస్కో నుంచి):

కోచింగూ కన్సల్టెంటూ రెండూ ఇప్పుడు వద్దండి. మీరు ముందు వెళ్లాల్సింది స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి, అదీ క్లాసులు మొదలవకముందే. మన దగ్గర ఇంజనీరింగ్ సీటుకి తొమ్మిదో తరగతి మార్కులు ఎవరూ అడగరు. ఇక్కడ 9 నుంచి 12 దాకా ప్రతి సబ్జెక్టు మార్కూ ట్రాన్‌స్క్రిప్ట్ అనే మార్కుల రికార్డులోకి ఎక్కుతుంది, కాలేజీవాళ్లు ముందు చూసేది దాన్నే. మీ పాపకి అందులో ఒక ఏడాది హైదరాబాద్‌లోనే అయిపోయింది. ఆ ఏడాదిని ఈ స్కూల్ తన లెక్కలో ఎలా రాసుకుంటుందో తేల్చుకోవడమే ఇప్పుడు అసలు పని.

ముఖ్యంగా మ్యాథ్స్. ఇక్కడ ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్కులస్, తర్వాత కాల్కులస్, ఇలా ఏడాదికి ఒకటి చొప్పున విడివిడిగా నడుస్తాయి. సీబీఎస్‌ఈలో అన్నీ కలిపి చెప్తారు కదా, ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో మాత్రం మ్యాథమెటిక్స్ అని ఒక్క లైనే ఉంటుంది. అది చూసి కౌన్సెలర్ ఆల్జీబ్రా 1లో వేస్తే 12వ గ్రేడ్‌కి ఆల్జీబ్రా 2 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడి పిల్లలు చాలామంది ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 ముగించి హైస్కూల్‌కి వస్తారు, సీఎస్‌కి అప్లై చేసేవాళ్లు కాల్కులస్ దాకా వెళ్లే ఉంటారు. అందుకని ఊరికే మాటలతో అడక్కుండా, తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం విషయసూచిక, సిలబస్, పాప నోట్సు కొన్ని పట్టుకెళ్లి ఏ చాప్టర్లు అయ్యాయో చూపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే క్రెడిట్ బై ఎగ్జామ్ అని ఉంది, అంటే పరీక్ష రాసి ఆ సబ్జెక్టు పూర్తిచేసినట్టు క్రెడిట్ తెచ్చుకోవడం, దాని గురించి అడగండి. ముందు చదివిన సబ్జెక్టు అయితే 70, క్లాసులో చదవకుండా నేరుగా రాస్తే 80 శాతం రావాలి. ఆల్జీబ్రా 1 క్రెడిట్ వస్తే టెన్త్‌లో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ ఒకేసారి తీసుకోనిస్తారేమో కూడా అడగండి. అలా అయితే 11లో ప్రీకాల్కులస్, 12లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి క్లాసు) కాల్కులస్ అందుతుంది. మన పిల్లలకి ఆ రెండూ కలిపి చదవడం పెద్ద భారం కాదని నా అభిప్రాయం, లెక్కల్లో మంచి పునాదితోనే వస్తారు.

రెండోది క్లాస్ ర్యాంక్. టెక్సాస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది, హైస్కూల్‌లో టాప్ 10 శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇస్తారు. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) మాత్రం దీంట్లో మినహాయింపు ఉంది, చాలాకాలం టాప్ 6 శాతం అని ఉండేది, 2026 ఫాల్‌లో చేరే బ్యాచ్ నుంచి టాప్ 5 శాతం చేశారు. ఇంకో సంగతి, ఆటోమేటిక్ అంటే యూనివర్సిటీలో సీటు అని మాత్రమే, కోరిన బ్రాంచి ఇస్తారని కాదు. సీఎస్, ఇంజనీరింగ్ సీట్లకి మొత్తం అప్లికేషన్ చూసి విడిగా నిర్ణయిస్తారు. టెక్సాస్ ఏ అండ్ ఎంలో అయితే జనరల్ ఇంజనీరింగ్‌లో చేరి, మొదటి ఏడాది మార్కుల్ని బట్టి బ్రాంచి తీసుకుంటారు. కాబట్టి కౌన్సెలర్‌ని సూటిగా అడగండి: పాప తొమ్మిదో తరగతి మార్కులు జీపీఏలో (అన్ని సబ్జెక్టుల మార్కుల సగటులో) కలుస్తాయా, లేక క్రెడిట్ ఇచ్చి మార్కు వదిలేస్తారా? ర్యాంక్ ఎప్పటినుంచి లెక్కేస్తారు? ఈ రూల్ ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ (ఆ ప్రాంతం స్కూళ్లని నడిపే సంస్థకి) మారుతుంది, పక్క ఊరివాళ్లు చెప్పింది మీకు వర్తించకపోవచ్చు. జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

ఏపీ క్లాసులకి జీపీఏలో ఎక్కువ పాయింట్లు వేస్తారు, ర్యాంక్ కదిలేది అక్కడే. అలాగని మొదటి ఏడాదే నాలుగైదు మీద వేయకండి. వచ్చిన కొత్తలో యాస, క్లాసులో చర్చలు, గ్రూప్ ప్రాజెక్టులు అన్నీ కొత్తగా ఉంటాయి. బాగా వచ్చిన సబ్జెక్టులో ఒకటో రెండో చాలు, 11లో పెంచుకోవచ్చు.

చిన్న విషయాలు కొన్ని. చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఫారంలో అడుగుతారు, తెలుగు అని నిజమే రాయండి, పాపకి ఇంగ్లిష్ పరీక్ష ఒకటి పెడతారు, ఇంగ్లిష్ మీడియం పిల్లలకి అది ఇబ్బంది కాదు. హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి స్టార్ ఈఓసీ అని రాష్ట్రం పెట్టే పరీక్షలు ఉంటాయి (ఇంగ్లిష్, ఆల్జీబ్రా 1, బయాలజీ, యూఎస్ హిస్టరీ లాంటివి), బయటి దేశం నుంచి వచ్చిన పాపకి వాటిలో ఏవి రాయాలో అడిగి తెలుసుకోండి. ఇంగ్లిష్ కాని ఏదైనా ఒక భాషలో రెండు క్రెడిట్లు కూడా కావాలి. అవాంట్ స్టాంప్ అనే పరీక్షలో తెలుగు ఉంది, మీ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే పాప తెలుగు చదవడం రాయడం ఆ క్రెడిట్లకి పనికొస్తుంది, ఆ టైంలో ఇంకో సబ్జెక్టు తీసుకోవచ్చు. ఇది చాలామంది అడగరు, అడగండి.

ఎస్‌ఏటీ 11వ గ్రేడ్‌లో. ఇప్పుడు అది కంప్యూటర్ మీద 2 గంటల 14 నిమిషాల పరీక్ష, బ్లూబుక్ యాప్‌లో ప్రాక్టీస్ టెస్టులు, ఖాన్ అకాడమీలో పాఠాలు ఉచితం. యూటీ ఆస్టిన్‌కి స్కోరు తప్పనిసరి, యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) అసలు చూడవు. ముందు ఉచితంగా ఉన్నవి చేయించి, ఎక్కడ తగ్గుతుందో చూశాక కోచింగ్ సంగతి ఆలోచించండి.

జవాబు (ఇర్వింగ్ నుంచి):

చెల్లెమ్మా, పైన చెప్పినవన్నీ నిజం. నేను వీసా, డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే హెచ్4 పిల్లల విషయంలో 12వ గ్రేడ్ దాకా ఎవరూ దీన్ని ఎత్తరు, తీరా అప్పుడు ఇంట్లో గొడవలవుతాయి.

ఫెడరల్ సాయం, అంటే ఫాఫ్సా అనే కేంద్ర ప్రభుత్వ ఫారం ద్వారా వచ్చే పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం), లోన్లు హెచ్4 పిల్లలకి రావు. కానీ టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో ఇన్‌స్టేట్ ఫీజుకి (రాష్ట్రంలో ఉండేవాళ్లకి ఇచ్చే తక్కువ ఫీజుకి) హెచ్1బీ, హెచ్4 అడ్డు కాదు, తల్లిదండ్రులు ఇక్కడ స్థిరంగా కనీసం 12 నెలలు ఉన్నట్టు కాగితాలు చూపించాలి. యూటీ ఆస్టిన్‌లో ఇన్‌స్టేట్‌కీ బయటివాళ్లకీ ఫీజులో మూడు రెట్లకు పైగా తేడా. ఇంటి లీజు, జీతం స్లిప్పులు, టాక్స్ రిటర్న్‌లు ఈ రోజు నుంచే ఒక ఫైల్‌లో పెట్టండి. అప్లికేషన్‌లో రెసిడెన్సీ ప్రశ్నలు వచ్చినప్పుడు వీసా ఉంది కదా అని కంగారుగా ఇంటర్నేషనల్ అని పెట్టేయకుండా ఒక్కొక్కటీ చదివి నింపండి. ఫాఫ్సా నింపలేని టెక్సాస్ రెసిడెంట్లకి టాస్‌ఫా అని రాష్ట్రం ఫారం ఉంది, అది నింపొచ్చు.

ప్రైవేట్ కాలేజీలు చాలావరకు హెచ్4 పిల్లల్ని సాయం విషయంలో ఇంటర్నేషనల్ కిందే లెక్కేస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటివి కొన్ని విదేశీ పిల్లలకి కూడా కుటుంబ ఆదాయం చూడకుండా సీటిచ్చి, ఆ తర్వాత అవసరాన్ని బట్టి సాయం చేస్తాయి, అయితే అక్కడ సీటు రావడమే చాలా కష్టం. ఎర్లీ డెసిషన్ అని ఒక కాలేజీకి ముందుగా అప్లై చేసే పద్ధతి ఉంది, అందులో సీటు వస్తే చేరి తీరాల్సిందే, కాబట్టి ఎంత కట్టగలరో ఇంట్లో తేల్చుకోకుండా ఆ డబ్బా టిక్ పెట్టొద్దు.

హెచ్4 మీద జీతం వచ్చే పని చేయకూడదు, డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్ కూడా అంతే. పాపకి 21 నిండేలోపు ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారాలి, మీ పాపకి అది కాలేజీ మధ్యలో వస్తుంది. అప్పుడు ఫీజు ఏమవుతుందో కాలేజీ రెసిడెన్సీ ఆఫీసునీ లాయర్‌నీ ముందే అడగండి. పాపకి కూడా ఇది ఇప్పుడే చెప్పండి, పదిహేనేళ్ల పిల్లకి అర్థమవుతుంది, దాచిపెడితేనే బాధపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అండీ, కౌన్సెలర్‌కి ఈమెయిల్ పెట్టాను. ఇంకొకటి. పాప కూచిపూడి నేర్చుకునేది, ఇప్పుడు ఆపేసి కోడింగ్ క్లబ్‌లో చేర్చమంటున్నారు, సీఎస్‌కి అదే కావాలట. తను మాత్రం హైదరాబాద్ ఫ్రెండ్స్‌తో ఫోన్‌లో తప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు.

జవాబు (ఫ్రిస్కో నుంచి):

కూచిపూడి దయచేసి ఆపకండి. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి నింపే ఆన్‌లైన్ అప్లికేషన్‌లో) యాక్టివిటీలకి పది గళ్లు ఉంటాయి, ఒక్కోదానికి 150 అక్షరాలే. పదీ నింపాలని రూలేం లేదు. ఏళ్ల తరబడి వదలకుండా చేసిన పని రెండు మూడు గళ్లలో ఉన్నా బలంగా కనిపిస్తుంది. కోడింగ్ తనకి నిజంగా ఇష్టమైతే చేయనివ్వండి, గురువుగారి క్లాసు రోజుల లిస్టో, చిన్నపిల్లల ప్రాక్టీసు షెడ్యూలో చూసుకునే చిన్న ప్రోగ్రాం రాసినా అది తన సొంత పని.

అందులోనే రాయాల్సిన 650 పదాల వ్యాసం కూడా అలాగే. డబ్బు తీసుకుని రాసిపెట్టేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు, వాళ్ల జోలికి వెళ్లొద్దు. అబద్ధమన్నది ఒకటైతే, ఆ పిల్లకి తన గురించి తాను చెప్పుకునే అవకాశం పోతుంది. అంత దూరం నుంచి వచ్చి కొత్త స్కూల్‌లో కుదురుకున్న పాపకి చెప్పడానికి చాలా ఉంటుంది. రికమండేషన్ లెటర్లు ఎక్కువగా 11వ గ్రేడ్ టీచర్లు రాస్తారు, మన పిల్లలు టీచర్ దగ్గరికి వెళ్లి మాట్లాడటానికి మొహమాటపడతారు, క్లాసయ్యాక ఒక సందేహమైనా అడిగి రమ్మని ఇప్పటినుంచే అలవాటు చేయండి.

ఫ్రెండ్స్ సంగతి నాకు జీపీఏ కంటే ముఖ్యం. స్కూల్‌లో ఆర్కెస్ట్రా, థియేటర్, క్రాస్ కంట్రీ ఏదైనా ఒకటి ఆగస్టులోనే మొదలవుతుంది, ఏది తనకి నచ్చితే అందులో చేర్చండి. రోజూ అదే గ్రూప్ కనిపిస్తే మాటలు వాటంతటవే వస్తాయి. పాత ఫ్రెండ్స్‌తో ఫోన్ మాట్లాడుతుంటే తిట్టకండి, ఇప్పుడు తనకి ఉన్నది వాళ్లే.

కౌన్సెలర్ మ్యాథ్స్ ఎందులో వేశారో తెలియగానే ఇక్కడ రాయండి. క్రెడిట్ బై ఎగ్జామ్ ఎప్పుడంటే అప్పుడు ఉండదు, డిస్ట్రిక్ట్ ఏడాదిలో కొన్నిసార్లే పెడుతుంది, రిజిస్ట్రేషన్ గడువు కూడా పరీక్షకి చాలా ముందే అయిపోతుంది.