హెచ్‌పీఎంసీ జెల్ విస్కాసిటీ రోజుకో రకంగా వస్తోంది, ఎవరికైనా ఇలా అయిందా?

ఎంఫార్మ్_రెండో_ఏడు: అందరికీ నమస్తే. హెచ్‌పీఎంసీ (జెల్ చేసే సెల్యులోజ్ పాలిమర్) కే4ఎం గ్రేడ్ తో 2% జెల్ చేశా, విస్కాసిటీ (చిక్కదనం) బ్రూక్‌ఫీల్డ్ మీటర్ మీద 64 నంబర్ స్పిండిల్‌తో (జెల్‌లో తిరిగే కడ్డీ) చూస్తున్నా. సోమవారం ఒక రీడింగ్, బుధవారం అదే బ్యాచ్‌కి ఇంకా ఎక్కువ, పైగా 10 ఆర్‌పీఎం నుంచి 50కి పెంచితే విస్కాసిటీ పడిపోతోంది. గైడ్ గారు మళ్ళీ చెయ్యమంటున్నారు, థీసిస్‌కి నెల కూడా లేదు.

జెల్‌పిచ్చి: ఆర్‌పీఎం పెంచితే తగ్గడం తప్పు కాదమ్మా, ఈ పాలిమర్ గుణమే అది. కదలకుండా ఉంటే గొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి, తిప్పేకొద్దీ తిరిగే వైపు సర్దుకుంటాయి. అందుకే ట్యూబ్ నొక్కితే జారుతుంది, చర్మం మీద పెడితే నిలబడుతుంది. ఒక్క నంబర్ రాయకు, నాలుగైదు స్పీడ్‌ల దగ్గర తీసి గ్రాఫ్ వెయ్యి. అసలు టార్క్ (స్పిండిల్ తిప్పడానికి పట్టే బలం, మీటర్ శాతంలో చూపిస్తుంది) ఎంత చూపిస్తోంది?

ఎంఫార్మ్_రెండో_ఏడు: 10 ఆర్‌పీఎం దగ్గర 6% సర్.

జెల్‌పిచ్చి: అదీ సంగతి. 10% లోపు రీడింగ్ నమ్మకూడదు. 63 నంబర్ స్పిండిల్ వేసి చూడు, అది పెద్దది, టార్క్ పెరుగుతుంది.

క్యూసీ_నైట్‌షిఫ్ట్: సోమవారం చేసిన రోజే చూశావా? నేనూ అలాగే మోసపోయా. చల్లటి నీళ్ళలో పొడి ఒకేసారి పోసేదాన్ని, ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు పైన జిగురు పట్టి లోపల పొడి పొడిగానే ఉండేది, అది నానేకొద్దీ రీడింగ్ పెరుగుతూ పోయేది. ఇప్పుడు మూడో వంతు నీళ్ళు 80 డిగ్రీలకి వేడిచేసి అందులో చల్లుతా, వేడిలో కరగదు కాబట్టి విడివిడిగా తడుస్తుంది, తర్వాత మిగతాది చల్లనీళ్ళు పోసి కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతా. బుడగలు కూడా పోతాయి. కానీ ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పెట్టొద్దు, చల్లగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది. కే4ఎం లో ఆ 4 అంటే 2% ద్రావణానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 4000 సెంటీపాయిజ్ (విస్కాసిటీ కొలిచే యూనిట్), మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో ఆ నంబర్ రాదు. వాటర్‌బాత్ (ఒకే వేడిలో ఉంచే నీళ్ళ తొట్టి) పెట్టుకో.

సీఎంసీ_కష్టాలు: బీకర్ కూడా చూసుకోండి. నేను జెల్ తక్కువుందని 100 ఎంఎల్ బీకర్‌లో చూసేవాణ్ణి, స్పిండిల్‌కి గోడ దగ్గరైపోయి ఎక్కువ చూపించేది, 600 ఎంఎల్‌కి మార్చాక కుదుటపడింది. నాది సోడియం సీఎంసీ (ఇదీ సెల్యులోజ్ పాలిమరే), దానికి ఉప్పు తగిలినా పలచబడిపోతుంది, హెచ్‌పీఎంసీకి అంత బాధ లేదు.

ఎంఫార్మ్_రెండో_ఏడు: అందరికీ చాలా థ్యాంక్స్, 63 వేశా, రాత్రంతా ఉంచి 25 డిగ్రీల బాత్‌లో పెట్టా, టార్క్ 30 దాటింది, మూడుసార్లూ రీడింగ్‌లు దగ్గర దగ్గరగానే వచ్చాయి. టేబుల్‌లో స్పిండిల్, ఆర్‌పీఎం, టెంపరేచర్, టార్క్ నాలుగూ రాస్తున్నా.