గుడ్డు పొర మీది చర్మ కణజాలంలోకి రక్తనాళాలు రావాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. గుంటూరులో ల్యాబ్‌లో పెంచిన చర్మాన్ని కోడిగుడ్డు లోపలి పొర (పెంకు కింద పిండానికి చెందిన, రక్తనాళాలు నిండిన పొర) మీద పరీక్షిస్తున్నాం. ఆ చర్మపు జెల్‌లో ఎలుక తోక కొల్లాజెన్ (చర్మానికి ఆధారమైన ప్రోటీన్) మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు, ఫైబ్రోబ్లాస్టులు (కొల్లాజెన్ తయారుచేసే చర్మ కణాలు) మిల్లీలీటరుకు 1 లక్ష. ఐస్ మీదే పీహెచ్ 7.4కి తెచ్చి, 37 డిగ్రీల్లో గడ్డకట్టిస్తాం. పొదిగిన 8వ రోజున పెంకుకు కిటికీ కోసి ముక్క పెడతాం, 12వ రోజున చూస్తాం.

నాళాలు బండి చక్రపు ఆకుల్లా చుట్టూ చేరుతున్నాయి గానీ లోపలికి పోవడం లేదు. ఆక్సిజన్ 100–200 మైక్రాన్లు దాటి అందదు కాబట్టి మధ్యలో కణాలు చచ్చిపోతున్నాయి. ఫైబ్రోబ్లాస్టులు జెల్‌ని లాగి చిక్కబరచడమే కారణమని అనుమానం. అవి వీఈజీఎఫ్ (రక్తనాళాలను పెరగమని పిలిచే ప్రోటీన్) ఎంత వదిలినా నాళాలకు దారి ఉండాలి కదా! (పెంకు పొడి పడినా వాపుతో నాళాలు పెరుగుతాయి, అందుకే కణాల్లేని జెల్‌తో పోలుస్తున్నాం.)

ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పోగుల ప్రోటీన్) కలిపితే జెల్ ముడుచుకోవడం తగ్గుతుందా, ఏ పాళ్లలో? బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ కణాలు (రక్తనాళాల లోపలి గోడ కణాలు) ముందే జెల్‌లో వేస్తే, వాటి గొట్టాలు తెగిపోకుండా ఫైబ్రోబ్లాస్టులు ఎన్ని తోడుండాలి?

ఇంకొకటి. హనుమాన్ జంక్షన్ వైపు నుంచి హేచరీ గుడ్లు తెచ్చేవారు ఎండల్లో దారిలో ఎలా చల్లగా ఉంచుతున్నారు? వేడికి పిండం ముందే పెరగడం మొదలై గుడ్ల వయసులు కలవడం లేదు.