సమస్య: ఉప్పు లేని పప్పె యొప్పు మిగుల

నిర్వాహకుడు (తిరుపతి): ఉగాది పచ్చడిలో ఉప్పు, పులుపు, కారం అన్నీ కుదిరాయి. పప్పులో మాత్రం ఉప్పు పడలేదు. మా నాయన ఒక్క మాటా అనకుండా రెండో గరిటె నెయ్యి పోసుకున్నాడు. అదిగో, ఆ మౌనం నుంచి ఊడిపడింది ఈ పాదం. ఇది ఆటవెలది చివరి పాదం. పై మూడు పాదాలు మీరు కట్టి, శ్రీరామనవమి లోపు పూరణలు పెట్టండి. పాదం అచ్చుతో మొదలైంది కాబట్టి పైపాదాన్ని బట్టి "యుప్పు", "నుప్పు" అనుకోవచ్చు. సంధుల మీద పోయినసారి లాగా రభస వద్దు.

స్వర్ణముఖి:

రామనవమి నాడు రాఘవున కిడగ
నానినట్టి పెసర నవ్వుచుండె
పానకంబు ప్రక్క పచ్చి మామిడితోడ
ఉప్పు లేని పప్పె యొప్పు మిగుల

నవమికి మా వీధి పందిట్లో పంచే వడపప్పే నా పూరణ. పొయ్యి ఎక్కని పప్పుకు ఉప్పుతో పనేంటి?

చిత్తూరు చిన్నోడు: అక్కా, పద్యం సాఫీగా నడిచింది. "నవ్వుచుండె" బాగుంది, నానిన పెసరపప్పు పొట్టు విడిచి లేత పసుపుగా కనబడుతుంది కదా. కానీ మా ఇంట్లో వడపప్పులో ఉప్పేస్తారు, పచ్చిమిరప ముక్కలూ వేస్తారు. మా అమ్మ ఒప్పుకోదు ఈ పూరణ.

పీలేరు పంతులు: మిరపకాయ వేసి, తిరగమోత కూడా పెట్టుకుంటే అది కోసంబరి అవుతుంది నాయనా. మీ అమ్మగారు చేసేది అదే అయ్యుంటుంది. సరే, నాది చూడండి. వడపప్పు ఎవరికైనా తడుతుంది.

కుంభకోణపు దరి గోవిందు నన్నకు
చిన్నపిల్ల వండి పెట్టగాను
మెచ్చి తినెను స్వామి మీరేల వెఱతురు
ఉప్పు లేని పప్పె యొప్పు మిగుల

తిరునాగేశ్వరంలో వెలసిన విష్ణువు, ఒప్పిలియప్పన్ కథ ఇది. మన వెంకన్నకు అన్నగారని అంటారు. అమ్మాయిని పెంచిన మార్కండేయుడు "పిల్లకు ఉప్పేసి వండడం కూడా తెలీదు స్వామీ" అంటే, ఉప్పు లేకుండానే తింటానని ఆయన మాటిచ్చి పెళ్లాడాడు. ఈ రోజుకీ అక్కడ నైవేద్యంలో ఉప్పు వేయరు. తిరుపతిలో ఉండి ఈ కథ గుర్తు రాలేదంటే ఏమనాలి?

చిత్తూరు చిన్నోడు: కథ గుర్తొచ్చింది సరే, యతి గుర్తు రాలేదా పంతులు గారూ? రెండో పాదం మళ్లీ చదవండి. పాదం మొదటి అక్షరం "చి"కి, నాలుగో గణం మొదటి అక్షరం "పె"కి ఏ పంచాంగంలో కుదిరింది?

పీలేరు పంతులు: ప్రాసయతి. ఆ అక్షరాలు కలవకపోతే వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిసినా చాలు.

చిత్తూరు చిన్నోడు: "న్న"కూ "ట్ట"కూ ప్రాసా!

పీలేరు పంతులు: పిల్లిని పిండితో చేసి పద్యం నిలబెట్టుకున్నవాళ్లు కూడా యతులు అడిగే కాలం వచ్చింది. చవితికి "ఎలుక పిల్లిని తినె నేమి వింత" అని ఇస్తే ఈయన ఏం చేశాడో గుర్తుందా? కుడుముల పళ్లెంలో బియ్యప్పిండి పిల్లిని కూర్చోబెట్టాడు. ఏ ఇంట్లోనైనా వినాయకుడికి పిల్లిని నైవేద్యం పెడతారా? కాణిపాకం పక్కనే ఉండి రాయాల్సిన పద్యమేనా అది?

చిత్తూరు చిన్నోడు: కుడుముల పిండి మిగిలితే పిల్లలు ఏ బొమ్మైనా చేస్తారు సామీ. ఆ పిల్లికి యతి మాత్రం కుదిరింది.

స్వర్ణముఖి: పిల్లిని వదిలేయండి ఇద్దరూ. "పిల్ల వండి తెచ్చి పెట్టగాను" అంటే సరిపోతుంది, "చిన్న" తీసి "తెచ్చి" పెడితే చాలు. కథ ప్రకారం చూసినా పెళ్లీడుకొచ్చిన అమ్మాయే కదా.

మదనపల్లె కోడలు: యతి సర్దుకుంది, కానీ అసలు చిక్కు అలాగే ఉంది. ఒప్పిలియప్పన్‌కు పప్పొకటే కాదు, అన్నంతో సహా అన్నీ ఉప్పు లేకుండానే పెడతారు. సమస్యలో "పప్పె" అన్నారు. మిగతావాటిని వదిలి పప్పే ఎందుకు? ఆ "ఎ"కి జవాబు చెప్పకపోతే పూరణ సగమే. స్వర్ణముఖి అక్క పద్యంలో కూడా పానకం ఉంది, అందులోనూ ఉప్పు లేదు.

కపిలతీర్థం: ఆ "ఎ" జోలికి పోకుండా ఒకటి.

స్వామి కన్న ముందు చవిజూడగా రాదు
చెయ్యి మరచె నుప్పు చిటిక వేయ
దేవు డారగించి తిరిగి యిచ్చిన దింక
ఉప్పు లేని పప్పె యొప్పు మిగుల

మహానైవేద్యం వండేవాళ్లందరికీ తెలిసిన టెన్షన్ ఇది. రుచి చూడకూడదు, ఉప్పు పడిందో లేదో ఆ కంగారులో గుర్తుండదు.

నిర్వాహకుడు: "తిరిగి యిచ్చిన దింక" దగ్గర మా ఇల్లే కనబడింది. మా నాయనకు చదివి వినిపించాను. "అయితే దేవుడు కూడా నెయ్యి పోసుకున్నాడా?" అన్నాడు.

చిత్తూరు చిన్నోడు:

బీపి పెరిగె ననుచు భిషజుండు చెప్పగా
పండుగైన నాలి పట్టు విడదు
వడ్డనందు నాకు వాటాగ దక్కెడి
యుప్పు లేని పప్పె యొప్పు మిగుల

పీలేరు పంతులు: బీపీ పక్కన భిషజుడు! ఒకాయన ప్యాంటు వేసుకుని, ఇంకొకాయన పంచె కట్టుకుని ఒకే బైకు ఎక్కినట్టుంది. ఉప్పు అనగానే బీపీ పెట్టడం మా తరంలో అయితే మొదటి నిమిషంలో తట్టి, రెండో నిమిషంలో కొట్టేసే ఊహ.

కపిలతీర్థం: అయినా "వాటాగ దక్కెడి" అనేటప్పటికి పాపం అనిపించింది. ఆ ఒక్క ముక్కకు మార్కులు ఇవ్వచ్చు.

మదనపల్లె కోడలు: అడిగిన ప్రశ్నకు నేనే చెప్పుకుంటాను.

కట్టు దీసి చారు కాచు కోడలు పిల్ల
చారులోన వేయు చాలినంత
బెల్లమునకు దోడు పిండిలో దాగెడి
యుప్పు లేని పప్పె యొప్పు మిగుల

ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసే రోజు మా అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి చెప్పిన మాటలే, గణాల్లో పెట్టానంతే. శెనగపప్పు వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, గంజిలాగా కరిగిపోకూడదు. పలుకు మిగిలితే ఓళిగ తట్టేటప్పుడు చిరుగుతుంది. ఉడికాక కట్టు, అంటే పప్పు ఉడికిన నీళ్లు, వంచి పక్కన పెడతాం. ఆ కట్టులో చింతపండు పులుసు, కాస్త పూర్ణం, చారుపొడి వేసి తిరగమోత పెడితే ఓళిగల చారు. ఉప్పంతా దానికే. పప్పు ఉడికేటప్పుడే అలవాటుగా ఉప్పేస్తే చారు బాగానే ఉంటుంది, పూర్ణం మాత్రం చెడుతుంది.

పీలేరు పంతులు: పై పిండిలో చిటికెడు ఉప్పు వేస్తారు కదమ్మా?

మదనపల్లె కోడలు: వేస్తారు పంతులు గారూ, అదే కదా నేను చెప్పేది! చారులో ఉప్పుంది, పిండిలో ఉప్పుంది, మధ్యలో దాక్కున్న పప్పుకే లేదు. అందుకే "పప్పె".

స్వర్ణముఖి: చాలు, నా వడపప్పు వెనక్కి తీసుకుంటున్నాను. రెండో పాదంలో ఏం వేయాలో చెప్పకుండా "చాలినంత" అని ఆపేసి, ఆ ఉప్పును నాలుగో పాదం దాకా దాచావు చూడు, అది నచ్చింది.

చిత్తూరు చిన్నోడు: బెల్లం ఏ ఊరిదో చెప్పలేదు. మా మండీ బెల్లమైతేనే మార్కులు.

పీలేరు పంతులు: "చారు", "చారులోన" అని వెంటవెంటనే వచ్చాయి. "అందులోన" అంటే పునరుక్తి పోయేది.

మదనపల్లె కోడలు: యతి పోయేది కదండీ. "అం"కి "చా" ఎలా?

చిత్తూరు చిన్నోడు: ప్రాసయతి!

నిర్వాహకుడు: నవ్వలేక చచ్చాను. ఓళిగలకే నా ఓటు, కపిలతీర్థానికి రెండో స్థానం. పంతులు గారి పద్యం స్వర్ణముఖి గారి సవరణతో ఉంచుతున్నాను. వచ్చే వారానికి "చేదు వేపపువ్వె చెఱకు కన్న". ఈసారి కూడా ఆ "ఎ"ను వదలకండి.

పీలేరు పంతులు: సవరణ నేను అడగలేదు. "చిన్నపిల్ల" అనే ఉంచండి.