సమస్యాపూరణం: "మెత్తనైన పరుపు మేను విరుచు"

నిర్వాహకుడు:

కవిమిత్రులందరికీ నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి.

మెత్తనైన పరుపు మేను విరుచు

మెత్తనిది ఒంటికి హాయి కదా, ఒళ్ళు విరవడం ఏమిటన్నదే చిక్కు. ఒక షరతు ఉంది. పూరణ తక్కువ ధరలో దొరికే మెమరీ ఫోమ్ (నొక్కితే మెల్లగా దిగి, వదిలితే మెల్లగా లేచే ఫోము) పరుపు గురించే ఉండాలి. హంసతూలికా తల్పాలు, పూలపాన్పులు, విరహంతో వేగే నాయికలు వద్దు. ఆ దారిలో పూరణలు తేలిగ్గా వచ్చేస్తాయి. పరుపును పరుపుగా చూసి, దాని మంచిచెడ్డలు తూచి పద్యం చెప్పడం కష్టం. మీ నుంచి కోరేది అదే. పద్యంలో చెప్పిన విషయం నిజమా కాదా అన్నది కూడా చర్చిద్దాం. పాదం చివర విసంధిని (సంధి చేయకుండా వదలడాన్ని) దోషంగా ఎంచవద్దు, పాదం మధ్యలో మాత్రం పట్టుకుంటాం.

మొదటి పూరణ (ఒక సభ్యుడు):

తుంటి దిగిన చోట తోడుగా వెన్నెల్ల
వంగిపోవు నిదుర వలన నకట
అడుగు దన్ను లేని యగ్గువ ఫోమైన
మెత్తనైన పరుపు మేను విరుచు

నిర్వాహకుడు:

అయ్యా, శుభారంభం. గణాలు, యతులు సరిపోయాయి. సమస్యలోని విరోధాన్ని సరైన చోట విప్పారు. "అడుగు దన్ను" అన్న మాటలోనే పరుపు లోకం సగం ఉంది.

రెండో పాదం మాత్రం బలహీనం. "అకట" పాదం నింపడానికి వచ్చింది. "నిదుర వలన" అనడంతో నేరం పరుపు మీద నుంచి నిద్ర మీదకు మళ్ళింది. "వంగిపోవు లేవ వశము కాదు" అంటే ఎలా ఉంటుందో చూడండి. యతి నిలుస్తుంది, పొద్దున లేవలేని బాధ కూడా పద్యంలోకి వస్తుంది.

ఇక విషయం. మెమరీ ఫోమ్ పరుపు అన్నంత మాత్రాన మొత్తం మెమరీ ఫోమ్ కాదు. పైన రెండు మూడు అంగుళాలు, చవక రకాల్లో ఒక్కోసారి ఒక్క అంగుళమే ఉంటుంది. కింద ఉన్నదంతా మామూలు పాలీయురేథేన్ ఫోమ్. చేత్తో నొక్కితే తెలిసే హాయి పై పొరది. రాత్రంతా వెన్నును నిలబెట్టేది కింది పొర. ఈ రెండూ వేర్వేరు పనులు. ఒకటి బాగుందని రెండోది కూడా బాగుంటుందని అనుకుంటే నడుము నొప్పి తెచ్చుకోవచ్చు. మన సమస్యలో దోషి మెత్తదనం కాదు, దాని కింద ఉండవలసింది లేకపోవడం. ఈ పద్యం ఆ సంగతిని పట్టుకుంది.

ఒక సభ్యురాలు:

సవరణ బాగుంది. దన్ను ఉందో లేదో కొనేముందు తెలుసుకోవడం ఎలా అని అడిగేవారి కోసం ఒక లెక్క చెబుతాను. మెమరీ ఫోమ్ సాంద్రత ఘనమీటరుకు 48 కిలోల లోపు ఉంటే తక్కువ రకం, 48 నుంచి 80 దాకా మధ్యరకం, ఆపైన ఉంటే మేలు రకం అని సాధారణంగా లెక్కిస్తారు. చవక పరుపుల మీద ఈ అంకె చాలాసార్లు రాయరు. అప్పుడు పరుపు బరువును దాని ఘనపరిమాణంతో భాగించండి. 198 సెంటీమీటర్ల పొడవు, 152 వెడల్పు, 15 మందం ఉన్న పరుపు ఘనపరిమాణం దాదాపు 0.45 ఘనమీటర్లు. బరువు 14 కిలోలైతే సగటున ఘనమీటరుకు 31 కిలోలు. కవరు బరువు కూడా అందులోనే ఉంది కాబట్టి ఫోము సాంద్రత ఇంకా తక్కువే. "హై డెన్సిటీ" అని పెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ముందు ఈ భాగహారం చేసి చూడండి. అయితే ఇది పొరలన్నిటి సగటు, పైనున్న మెమరీ ఫోమ్ ఒక్కదానిది కాదు.

ఒక్క జాగ్రత్త. సాంద్రత వేరు, గట్టిదనం వేరు. బరువైన ఫోము కూడా మెత్తగా ఉండవచ్చు, తేలికైనది గట్టిగా తగలవచ్చు. గట్టిదనాన్ని కొలవడానికి ఫోమును దాని మందంలో పాతిక శాతం లోపలికి నొక్కడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. ఫోము ఎన్నాళ్ళు నిలుస్తుందో ఊహించడానికి సాంద్రత పనికొస్తుంది.

రెండవ పూరణ (మరో సభ్యురాలు):

ప్రక్క తిరిగి పండు పద్ధతి గలవారి
భుజము నొచ్చు గట్టి పొరల మీద
అట్టివారి తోడ ననకుడీ యిట్లని
"మెత్తనైన పరుపు మేను విరుచు"

నిర్వాహకుడు:

అమ్మా, చాలా బాగుంది. సమస్యను ఒప్పుకోకుండా, దాన్ని ఇతరుల మాటగా పెట్టి కొట్టేశారు. పూరణలో ఇది పాత పద్ధతే అయినా ఇక్కడ అతికినట్టు కుదిరింది. "తోడ ననకుడీ" దగ్గర యతి అచ్చుకు చెల్లింది. అనవసరమైన పదం ఒక్కటీ లేదు.

పక్కకు తిరిగి పడుకుంటే ఒంటి బరువంతా భుజం, తుంటి అనే రెండు చోట్ల పడుతుంది. ఆ రెండూ కాస్త లోపలికి దిగితేనే నడుము దగ్గర వెన్ను తిన్నగా ఉంటుంది. దిగనివ్వని పరుపు మీద భుజం తిమ్మిరెక్కుతుంది. కాబట్టి పక్కకు తిరిగి పడుకునేవారు పై పొర మెత్తగా ఉందని భయపడనక్కరలేదు.

మొదటి పూరణ రాసిన సభ్యుడు:

పద్యం నాకూ నచ్చింది. కానీ నడుము నొప్పి ఉన్నవాళ్ళు గట్టి పరుపు మీద, వీలైతే బల్ల మీద పడుకోవాలని పెద్దలు చెప్పేవారు. ఆ మాట పూర్తిగా తప్పంటారా?

నిర్వాహకుడు:

పెద్దల మాట దూదిపరుపు మధ్యలో గుంటపడే రోజుల నాటిది. ఆ గుంట కంటే బల్ల మేలే. 2003లో లాన్సెట్ వైద్యపత్రికలో స్పెయిన్ వైద్యుల పరిశీలన ఒకటి వచ్చింది. ఎన్నాళ్ళుగానో నడుము నొప్పితో ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టి పరుపు ఇచ్చి 90 రోజుల తరువాత చూశారు. మధ్యరకం మీద పడుకున్నవారికే ఎక్కువ ఉపశమనం కనిపించింది. మరీ గట్టిదీ కాదు, మరీ మెత్తనిదీ కాదు. ఈ విషయం మీద ఎవరైనా ఒక పూరణ పంపితే సంతోషిస్తాను.

మూడవ పూరణ (ఇంకో సభ్యుడు):

చలికి గట్టిపడును సాగదు తొలిజాము
వేడి తగల కరిగి వెన్న యగును
ఎండకాలమందు నిట్టులే దిగబడి
మెత్తనైన పరుపు మేను విరుచు

నిర్వాహకుడు:

ఇంతవరకు ఎవరూ ముట్టుకోని గుణాన్ని పట్టుకున్నారు. మొదటి పాదం నడక ఎంతో అందంగా ఉంది, చ–సా యతి సహజంగా పడింది.

మూడో పాదంలో వ్యాకరణం చూడండి. "దిగబడి" అనే క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకూ) "విరుచు" అనే క్రియకూ కర్త ఒకటే కావాలి. దిగబడేది మనిషి, విరిచేది పరుపు. కర్త మారింది. "ఎండకాలమందు నింకింత కుంగుచు" అంటే కుంగేదీ విరిచేదీ పరుపే అవుతుంది, యతి కూడా చెడదు. ఇక "వెన్న యగును" కవి చేసిన అతిశయోక్తి. ఫోము కరగదు, మెత్తబడుతుందంతే. పద్యానికి ఆ మాట ఒప్పుతుంది కాబట్టి ఉంచండి.

ఈ గుణం వెనుక కొంత చరిత్ర ఉంది. 1966లో అమెరికాలో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు ఈ ఫోమును తయారు చేశారు. విమానం సీట్లలో కూర్చున్నవారికి దెబ్బ తగలకుండా, ఒత్తిడి ఒకేచోట పడకుండా చూడటం ఉద్దేశం. నొక్కితే మెల్లగా దిగి, వదిలితే మెల్లగా లేస్తుంది. గది ఉష్ణోగ్రత చుట్టుపక్కల దాని స్వభావం మారుతుంది కాబట్టే చలికి బిగిసి, ఒంటి వేడికి వదులవుతుంది. గాలి సరిగా ఆడకపోవడంతో వేడిని పట్టి ఉంచే చెడ్డ గుణం కూడా దీనికి ఉంది.

రెండవ పూరణ రాసిన సభ్యురాలు:

దీని వల్ల కొనేవారికి పెద్ద చిక్కు. ఏసీ వేసిన గదిలో పరుపు మీద రెండు నిమిషాలు కూర్చుని లేస్తే అది గట్టిగానే అనిపిస్తుంది. ఇంటికి తెచ్చి ఉక్కపోతలో పడుకుంటే ఇంకో పరుపులా ఉంటుంది. కనీసం పది పదిహేను నిమిషాలు, మీరు రోజూ పడుకునే తీరులోనే, తలకింద దిండుతో సహా పడుకుని చూడాలి. సిగ్గుపడకండి. ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు గడపాల్సింది దాని మీదే కదా.

నాలుగవ పూరణ (ఒక సీనియర్ సభ్యుడు):

కొన్ననాడు హాయి కొన్నాళ్ళ కుంగును
నడిమి భాగమెల్ల నలిగిపోవు
లోతు పడినదేది? లోపలి పొర గాదె!
మెత్తనైన పరుపు మేను విరుచు

నిర్వాహకుడు:

గురువుగారూ, ఈ పద్యంలో మార్చడానికి నాకు ఒక్క అక్షరం కనిపించలేదు. ప్రశ్న వేసి వెంటనే జవాబు చెప్పడంలో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది. ఇప్పటిదాకా వచ్చిన వాటిలో నా ఓటు దీనికే.

సాంద్రత లెక్క చెప్పిన సభ్యురాలు:

గురువుగారికి నమస్సులు. పద్యం గురించి కాదు, విషయం గురించి ఒక్కమాట. లోతు పడేది ప్రతిసారీ లోపలి పొరే కాకపోవచ్చు. సాంద్రత తక్కువైన పై పొర కూడా అలాగే నలుగుతుంది. ఎవరూ పడుకోనప్పుడు పరుపు మీద అడ్డంగా తిన్నని కర్ర పెట్టి, కర్రకూ పరుపుకూ మధ్య సందు కొలవండి. చాలా వారంటీలు ఒక అంగుళమో ఒకటిన్నర అంగుళమో దాటిన గుంటనే లోపంగా ఒప్పుకుంటాయి. నడుముకు మాత్రం అంతకంటే ముందే తెలిసిపోతుంది. కొనేటప్పుడు ఆ వాక్యం చదవాలి.

నాలుగవ పూరణ రాసిన సీనియర్ సభ్యుడు:

నిజమేనమ్మా. మంచం కూడా చూడాలి. కింద చెక్కపట్టీల మధ్య సందు మూడంగుళాలు దాటితే మంచి ఫోము కూడా ఆ సందుల్లోకి జారి కుంగుతుంది. తప్పు పరుపు మీద పడుతుంది. నెలలు గడిచేకొద్దీ తలవైపును కాళ్ళవైపుకు తిప్పి వేస్తుంటే ఒకేచోట నలగదు. పొరలుగా చేసిన పరుపును బోర్లా మాత్రం వేయకూడదు, మెమరీ ఫోమ్ అడుగుకు పోతుంది.

ఐదవ పూరణ (కొత్త సభ్యుడు):

అందరికీ నమస్కారం. ఆటవెలది రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి.

బరువు తక్కువున్న వారికి హాయియే
బరువు మిగుల నున్న వారి గతియొ?
సన్నపాటి యడుగు పొరమీద కూర్చున్న
మెత్తనైన పరుపు మేను విరుచు

నిర్వాహకుడు:

తమ్ముడూ, గణాలన్నీ కుదిరాయి, అభినందనలు. మొదటి రెండు పాదాల్లో బ–వ యతి చెల్లుతుంది. మూడో పాదంలో "స"కు "పొ" యతి కాదు. "సన్నపాటి యడుగు సైచునా వారిని?" అని మార్చి చూడు. స–సై మైత్రి కుదురుతుంది, రెండో పాదంలో వేసిన ప్రశ్న మూడో పాదంలోకి సాగి సమస్యతో కలుస్తుంది.

భావం మాత్రం చాలా విలువైనది. ఒకే పరుపు గురించి ఒకరు మేఘమని, ఇంకొకరు బండ అని రాయడానికి కారణం ఇదే. తేలికైన మనిషి పై పొర దాకానే దిగుతాడు. బరువైన మనిషి దాన్ని దాటి అడుగు పొర దాకా వెళ్తాడు. ఆరంగుళాల చవక పరుపు పిల్లవాడికి సరిపోయి తండ్రికి సరిపోకపోవచ్చు. ఇతరుల అభిప్రాయం చదివేటప్పుడు ఆ మనిషి బరువెంత, ఎలా పడుకుంటాడు అన్నది తెలియకపోతే ఆ అభిప్రాయం మనకు పనికిరాదు.

కొత్త సభ్యుడు:

ధన్యవాదాలు అన్నగారూ, సవరించుకున్నాను. ఇంకో సందేహం. చుట్టి వచ్చిన పరుపు విప్పగానే ఘాటు వాసన వస్తుంది, మందం కూడా తక్కువగా కనిపిస్తుంది. దాన్ని బట్టి తీర్పు చెప్పవచ్చా?

నిర్వాహకుడు:

వద్దు. పూర్తిగా ఉబ్బడానికి ఒకటి నుంచి మూడు రోజులు ఇవ్వాలి. కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే వాసన చాలామటుకు కొద్ది రోజుల్లో తగ్గుతుంది. వారాలు గడిచినా తగ్గకపోయినా, కళ్ళు మండినా తిప్పి పంపండి.

చివరగా నా పూరణ:

చేయి జొనుప నడుము చెంతను తిన్నగా
సందు మిగులునేని చాల గట్టి
చొరకపోవునేని చూడుమా కుంగిన
మెత్తనైన పరుపు మేను విరుచు

వెల్లకిలా పడుకుని నడుము కింద అరచేయి దూర్చే పరీక్ష ఇది. చేయి సులువుగా వెళ్ళి ఇంకా ఖాళీ మిగిలితే పరుపు మీకు గట్టిది. అసలు దూరకపోతే మీరు కుంగిపోతున్నారు. కాస్త ఒరుసుకుంటూ వెళ్తే సరిపోయినట్టు.

నాలుగవ పూరణ రాసిన సీనియర్ సభ్యుడు:

పరీక్షను పద్యంలో పెట్టడం బాగుంది నాయనా. మూడో పాదంలో "చూడుమా" పాదపూరణకే వచ్చింది. "చొరకపోవునేని చుట్టును కుంగిన" అంటే చొ–చు యతి చెల్లుతుంది, నడుము చుట్టూ పరుపు ఎలా ముంచెత్తుతుందో కూడా కనిపిస్తుంది.

నిర్వాహకుడు:

"చుట్టును" చాలా బాగుంది గురువుగారూ, పద్యాన్ని ఆ పాఠంతోనే ఉంచుదాం. ఈ పరీక్ష వెల్లకిలా పడుకునేవారికే పనికొస్తుంది. పక్కకు తిరిగి పడుకునేవారు ఇంకొకరిని వెనక నుంచి చూడమని, మెడ నుంచి తోక ఎముక దాకా గీత తిన్నగా ఉందో లేదో అడగాలి. బోర్లా పడుకునేవారికి పొట్ట దిగిపోయి నడుము విల్లులా వంగుతుంది. వారికి మెమరీ ఫోమ్ పొర ఎంత పలుచగా ఉంటే అంత మంచిది. ఆ మూడో రకం వారి మీద ఇంకా పూరణ రాలేదు, గడువు ఉంది కనుక పంపండి.