ఎడారి చిత్రకారులకు మ్యూజియం ఉద్యోగం: విలియం రాబిన్సన్ లీ జీవితం ఏం చెబుతోంది?

ప్రశ్న
రాసినవారు: చిత్రకళా విద్యార్థిని, ఫీనిక్స్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో చిత్రకళ చదువుకుని, పై చదువు కోసం మూడేళ్ల క్రితం అరిజోనా వచ్చాను. గోదావరి కాలవ గట్ల పచ్చదనంలో పెరిగిన నాకు మొదటి ఆరు నెలలూ ఈ నేల బోసిగానే కనిపించింది. తరువాత మెల్లమెల్లగా, పొద్దు వాలేటప్పుడు కొండల నీడలు ఊదారంగులోకి తిరిగే ఆ అరగంట కోసం రోజంతా ఎదురుచూడటం అలవాటైంది. ఇప్పుడు నేను వేసేవన్నీ ఎడారి దృశ్యాలే.

ఈ మధ్య ఒక ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో, ప్రదర్శనల విభాగంలో నాకు ఉద్యోగం దొరికే అవకాశం వచ్చింది. జంతువుల డయోరామాల (గాజు వెనుక జంతు నమూనాలను వాటి సహజ పరిసరాల్లో ఉన్నట్టు అమర్చిన దృశ్యాల) వెనుక గోడల మీద ఉండే పాత దృశ్యచిత్రాలు మాసిపోయిన చోట సరిచేయడం, అవసరమైతే కొత్తవి వేయడం అక్కడి పని. నాకు పాఠం చెప్పిన ఒక పెద్దాయన మాత్రం వద్దన్నారు. సగ్గుబియ్యం జల్లెడ పట్టినట్టు ఏళ్ల తరబడి గోడలకు రంగులు సరిచేస్తూ కూర్చుంటే సొంత చూపు పోతుందని, ఆ పనిలోకి వెళ్లినవారి పేరు చిత్రకళలో నిలవదని ఆయన అభిప్రాయం. ఆయన మీద నాకు చాలా గౌరవం ఉంది. అందుకే ఆ మాట మనసులోంచి పోవడం లేదు. ఎడారిని ప్రేమించి, మ్యూజియంలో కూడా పనిచేసి, రెండింటిలోనూ నిలబడినవారు ఎవరైనా ఉన్నారా? వారి జీవితం ఎలా నడిచింది? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


మొదటి సమాధానం
రాసినవారు: న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

అమ్మా, మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చిన పేరు విలియం రాబిన్సన్ లీ. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి నేను మా పిల్లల చిన్నప్పటి నుంచి వెళ్తున్నాను. అక్కడి ఆఫ్రికా జంతువుల హాలులో గొరిల్లాల డయోరామా ముందు నిలబడినప్పుడల్లా, ఆ వెనుక కనిపించే అగ్నిపర్వతాలను వేసినవాడు అసలు అరిజోనా, న్యూమెక్సికో ఎడారుల చిత్రకారుడన్న సంగతి నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

లీ 1866లో వెస్ట్ వర్జీనియాలో పుట్టారు. అంతర్యుద్ధం తరువాత ఆస్తి కరిగిపోయిన కుటుంబం వారిది. బాల్టిమోర్‌లో కొంతకాలం చదివి, 1883లో జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి, అక్కడ దాదాపు పన్నెండేళ్లు ఉన్నారు. డబ్బు చాలక అక్కడ ఆయన సైక్లోరామాలకు పనిచేశారు. అవి మీరు చూసి ఉండకపోవచ్చు కనుక కొంచెం చెబుతాను. ఒక గుండ్రని భవనం, దాని లోపలి గోడ చుట్టూ పరిచిన పెద్ద కాన్వాసు, మధ్యలో ప్రేక్షకులు నిలబడే వేదిక. కాన్వాసుకూ వేదికకూ నడుమ నిజమైన మట్టి, రాళ్లు, విరిగిన బండి చక్రాలు వంటివి పరిచి, నిజమైన నేల ఎక్కడ ముగిసి బొమ్మ ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియకుండా చేసేవారు. పొట్టకూటి కోసం నేర్చుకున్న ఈ విద్యే నలభై ఏళ్ల తరువాత మ్యూజియంలో ఆయనకు అక్కరకు వచ్చిందని నేను నమ్ముతాను, ఎందుకంటే డయోరామా అంటే అదే సూత్రాన్ని ఒక గాజు పలక వెనుకకు కుదించడం.

1896 ప్రాంతంలో అమెరికాకు తిరిగి వచ్చాక పత్రికలకు బొమ్మలు వేస్తూ గడిపారు. పడమటి ఎడారులను చూడాలన్న కోరిక తీరింది మాత్రం 1906లో, నలభయ్యో ఏట. చేతిలో ప్రయాణానికి డబ్బు లేదు. శాంటా ఫే రైల్వే కంపెనీ వద్దకు వెళ్లి, తనను ఉచితంగా తీసుకువెళ్తే అందుకు బదులుగా గ్రాండ్ కాన్యన్ చిత్రం ఒకటి వేసి ఇస్తానన్నారు. వారు ఒప్పుకున్నారు, ఆ చిత్రం నచ్చి, తరువాత మరికొన్ని వేయించుకున్నారు కూడా. అప్పటి నుంచి అక్కడి ఆదివాసులైన నవహో, హోపీ ప్రజల నేల, లగూనా ప్రాంతం, ఆ ఎర్రరాతి కొండలు ఆయన జీవితమయ్యాయి. 1911లో వేసిన పెద్ద గ్రాండ్ కాన్యన్ చిత్రం ఇప్పుడు మా రాష్ట్రంలోనే, న్యూఆర్క్ మ్యూజియంలో ఉంది. ఆయన రంగులను న్యూయార్క్ విమర్శకులు చాలాకాలం నమ్మలేదు. అంత ఊదా, అంత గులాబీ, అంత నారింజ ప్రకృతిలో ఉండవని వారి వాదన. ఆ నేలను మీరు రోజూ చూస్తున్నారు కనుక ఎవరి మాట నిజమో మీకే బాగా తెలుస్తుంది.

ఇక మ్యూజియం సంగతి. కార్ల్ ఏక్లీ అనే శిల్పి, జంతు నమూనాల నిపుణుడు ఆఫ్రికా హాలును తన జీవిత ధ్యేయంగా పెట్టుకుని, 1926లో తన వెంట ఇద్దరు చిత్రకారులను తీసుకువెళ్లారు. వారిలో ఒకరు లీ. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. కథలో నన్ను ఎక్కువగా కదిలించే ఘట్టం ఇది: ఆ ఏడాది నవంబరు 17న, బెల్జియన్ కాంగోలోని మికెనో పర్వతం మీద, గొరిల్లాల డయోరామాకు తాను ఎంచుకున్న చోటికి చేరాక ఏక్లీ జబ్బుతో మరణించారు. ఆయనను ఆ కొండ మీదే పాతిపెట్టారు. భార్య మేరీ జోబ్ ఏక్లీ పని ఆగకూడదని బృందాన్ని నడిపించారు. ఎడారి ఎండలో ఎంతో దూరం వరకు స్పష్టంగా చూడటం అలవాటైన లీ, మంచూ తడీ చలీ నిండిన ఆ అడవిలో ఈజిల్ నిలబెట్టుకుని, స్నేహితుడి సమాధికి దగ్గరలో ఆ దృశ్యాన్ని రంగుల్లో నమోదు చేసుకున్నారు. ఇవాళ మనం గాజు వెనుక చూసేది ఆ చోటునే.

1928లో మళ్లీ ఆఫ్రికా వెళ్లి వచ్చారు. ఆ పైన 1932 నుంచి 1935 వరకు హాలులోని వెనుక గోడల చిత్రాలు వేసే పనిలో నాయకత్వం వహించారు. ఇరవై ఎనిమిది డయోరామాల కోసం తలపెట్టిన ఆ హాలు 1936లో తెరుచుకుంది. ఆ తరువాత ఆయన తిరిగి తన ఎడారికే వచ్చారు. 1955లో, ఎనభై ఎనిమిదో ఏట చనిపోయే వరకు గుర్రాలూ, రాతి కొండలూ, నవహో మనుషులనే వేశారు. ఆయన స్టూడియోలోని చిత్రాలు, వస్తువులు తుల్సాలోని గిల్‌క్రీస్ మ్యూజియానికి చేరాయి. మీ గురువుగారు భయపడినట్టు సొంత చూపు పోయిన మనిషిగా ఆయన నాకు కనిపించరు.


రెండో సమాధానం
రాసినవారు: ప్రదర్శనల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒకరు

పై సమాధానంలోని వివరాలతో నాకు పేచీ లేదు గాని, ముగింపుతో పూర్తిగా ఏకీభవించలేను. లీ మ్యూజియంలోకి వచ్చేనాటికి ఆయనకు పేరూ, చేయీ రెండూ స్థిరపడి ఉన్నాయి. ప్రశ్న వేసిన అమ్మాయి పరిస్థితి అది కాదు. ఆమెకు ఎక్కువగా ఉపయోగపడే జీవితం జేమ్స్ పెర్రీ విల్సన్‌ది అని నా అభిప్రాయం.

విల్సన్ 1889లో పుట్టారు. 1914లో కొలంబియా విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం చదువు పూర్తిచేసి, బెర్‌ట్రమ్ గుడ్‌హ్యూ అనే వాస్తుశిల్పి కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశారు. ఆర్థిక మాంద్యంలో ఆ ఉద్యోగం పోయింది. సెలవుల్లో ఆరుబయట దృశ్యాలు వేసుకునే అలవాటే ఆయనను 1934లో అదే న్యూయార్క్ మ్యూజియానికి చేర్చింది. ఆయన సమస్యను వాస్తుశిల్పి కళ్లతో చూశారు. డయోరామా వెనుక గోడ వంపు తిరిగి ఉంటుంది. బల్లపరుపు కాగితం మీద గీసుకొచ్చిన దృశ్యాన్ని అలాగే దాని మీదకు ఎక్కిస్తే, పక్కలకు వెళ్లేకొద్దీ కొండల రూపు చెడి, దిగంతం వంకర తిరుగుతుంది. అందుకని ఆయన ప్రేక్షకుడి కన్ను ఎక్కడ ఉంటుందో ముందు నిర్ణయించి, ఆ బిందువు నుంచి లెక్కగట్టి, చిత్తుచిత్రం మీద ఒక గళ్ల వల, వంపు గోడ మీద దానికి సరితూగే మరో గళ్ల వల గీసేవారు. మొదటి వలలో ఏ గడిలో ఉన్నది రెండో వలలోనూ అదే గడిలో పడుతుంది. కన్నుకు వంపు తెలియదు. ఉత్తర అమెరికా క్షీరదాల హాలులో అడవిదున్నల వెనుక విల్సన్ వేసిన గడ్డిమైదానం చూస్తే, అక్కడ గోడ అన్నదే లేదనిపిస్తుంది.

లీకీ విల్సన్‌కీ ఉన్న తేడా ఇక్కడే ఉంది, మీ గురువుగారి భయానికి మూలం కూడా ఇక్కడే ఉంది. లీ వేసిన గోడ దగ్గర మీకు లీ కనిపిస్తారు. ఆ రంగుల జోరు, కుంచె ఊపు ఎడారి చిత్రాల నుంచి వచ్చినవే. విల్సన్ వేసిన గోడ దగ్గర విల్సన్ కనిపించరు. తన చేయి కనిపించిన చోట తాను తప్పు చేసినట్టు ఆయన పనిచేశారు. మ్యూజియంకు నిజంగా కావలసింది రెండోదే అని నేను నా ఉద్యోగంలో నేర్చుకున్నాను, ఎందుకంటే ప్రేక్షకుడు చిత్రకారుడి గురించి ఆలోచించిన క్షణంలో ఆ కొండా, ఆ గాలీ మాయమైపోతాయి. అలా తనను తాను దాచుకునే శ్రమలో ఆనందం దొరికే మనిషి అయితేనే ఈ ఉద్యోగంలోకి వెళ్లాలి. అది చిన్నతనం కాదు, మహా కష్టమైన విద్య. విల్సన్ ఆ విద్యలో రెండు దశాబ్దాలు న్యూయార్క్‌లోనూ, తరువాత యేల్ విశ్వవిద్యాలయం వారి పీబాడీ మ్యూజియంలోనూ గడిపారు. కాని మీ పేరు మీద ప్రదర్శనలు జరగాలని, మీ కుంచె గీతను చూసి నలుగురు గుర్తుపట్టాలని మీకు బలంగా ఉంటే, ఆ కోరికను ఈ ఉద్యోగం తీర్చదు.


ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. విల్సన్‌గారి గళ్ల వల గురించి చదివాక నిన్న రాత్రి వంచిన అట్ట మీద చిన్న ప్రయత్నం చేసి చూశాను. పక్కల గళ్లు ఎందుకు వెడల్పు కావాలో చేతితో గీస్తేనే అర్థమైంది. నా సందేహం ఇంకొకటి. ఎడారి చిత్రకారులకు ఈ పనిలో ప్రత్యేకంగా పనికొచ్చేది ఏమైనా ఉందా, లేక ఏ ప్రకృతి దృశ్యం వేసేవారైనా ఒకటేనా?


మూడో సమాధానం
రాసినవారు: టూసాన్ నివాసి

ఉందండి. నేను వృత్తిరీత్యా చిత్రకారుణ్ణి కాను, కాని పదిహేనేళ్లుగా సెలవు రోజుల్లో సొనోరా ఎడారిలో రంగుల పెట్టె పట్టుకుని తిరుగుతున్నాను కనుక చెప్పగలను.

మన ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. దూరపు కొండ పాలిపోయి, దాని ముందున్న తాటితోపు ముదురుగా కనిపించి, దూరం ఎంతో కన్ను తనంతట తానే తెలుసుకుంటుంది. ఇక్కడ గాలి పొడిగా ఉండటం వల్ల ఎక్కువ మసక ఏర్పడదు. ముప్పై మైళ్ల అవతలి కొండ అంచు కూడా కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు దూరాన్ని మసకతో చూపలేం, రంగులోని వెచ్చదనం, చల్లదనం మధ్య అతి సన్నని తేడాలతో చూపాలి. ఎండ పడిన రాయి వెచ్చగా, నీడలో ఉన్న రాయి ఆకాశపు నీలాన్ని తాగి ఊదాగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఆ రెండింటి మధ్య ఎడం తగ్గుతూ వస్తుంది. డయోరామాలో చిత్రకారుడికి ఉండే అసలు లోతు కొన్ని అడుగులే, చూపించాల్సింది మైళ్ల దూరం. మసక సాయం లేకుండా లోతు చూపడం నేర్చుకున్న చేయికి అక్కడ ఎంత బలం ఉంటుందో ఊహించుకోండి. లీని ఆఫ్రికాకు తీసుకువెళ్లడంలో ఏక్లీ తప్పు చేయలేదని నేను ఇందుకే అనుకుంటాను.

ఈ రెండు పనులూ కలిసి నడవడం లీ ఒక్కరి విషయమూ కాదు. కాలిఫోర్నియాలో హాన్సన్ పుథఫ్ (1875–1972) బతుకుతెరువుకు ప్రకటనల బోర్డులు వేస్తూ, ఎండిన కొండలూ లోయలూ చిత్రించి పేరు తెచ్చుకుని, లాస్ ఏంజెలిస్ మ్యూజియంలో జంతువుల డయోరామాలకు వెనుక గోడలు వేశారు. ఇక్కడ మా ఊరి పక్కన ఉన్న అరిజోనా-సొనోరా ఎడారి మ్యూజియం 1952లో మొదలైంది. దాని దారి వేరు, అక్కడ గోడ మీది ఎడారి బదులు బతికి ఉన్న మొక్కలూ జంతువులూ ఉంటాయి. అయినా చిత్రకళకు అక్కడ చోటుంది. వీలు చూసుకుని ఒక రోజు రండి.

ఉద్యోగం గురించి నా సలహా మాత్రం ఇది. ఒప్పందం మీద సంతకం చేసే ముందు, మ్యూజియం పని కోసం మీరు ఆరుబయట వేసుకొచ్చే చిత్తుచిత్రాలు ఎవరి సొత్తో స్పష్టంగా అడిగి రాయించుకోండి. సొంత చిత్రాల కోసం వారంలో ఏ రోజులు మిగులుతాయో కూడా అడగండి. గోడ మీద వేసింది అమ్మడానికీ, మరో చోట ప్రదర్శనకు పంపడానికీ వీలుపడదు. భవనంతో ఉంటుంది, భవనంతో పోతుంది. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతిశాస్త్ర మ్యూజియం అగ్నికి ఆహుతి అయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అలాంటి పనులు చేసిన, పేరు తెలియని మనుషులే. పాతవి కాపాడే చేతులు ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది.


మొదటి సమాధానం రాసినవారు, మళ్లీ

రెండో సమాధానం రాసినవారి మాటతో నేను కొంత దిగివస్తున్నాను. లీ విషయంలో వయసు నిజంగానే పెద్ద తేడా. అయినా ఆ ఉత్తర అమెరికా హాలును 2012లో బాగుచేసి తిరిగి తెరిచారు. దీపాలు మార్చి, డెబ్బై ఏళ్లలో వెలిసిన రంగులను సరిచేసిన ఆ పనిని చూశాక, మాసిపోయిన చోట సరిచేయడమంటే కొత్తది వేయడం కన్నా తక్కువ పని అని నేను అనుకోవడం లేదు. ఒకరి ఆకాశాన్ని సరిచేయాలంటే ఆయన ఆ ఆకాశాన్ని ఎలా చూశాడో ముందు తెలియాలి.

మీరు నిర్ణయం తీసుకునే ముందు ఒకసారి న్యూయార్క్ వచ్చి గొరిల్లాల గాజు ముందు నిలబడండి, అమ్మా. దూరపు పర్వతాలను తరువాత చూడవచ్చు. ముందుగా కింది వరుసలో, నిజమైన కొమ్మలూ ఆకులూ ఆగిపోయి రంగు మొదలయ్యే ఆ అంచును వెతకండి. నేను ఎన్నో సార్లు వెతికాను. రెండు చోట్ల తప్ప నాకు దొరకలేదు.