చెల్లెకు రాత్రి గోలీ మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపాలి?

హాలియా చిన్నోడు:
మా చెల్లెకు 24 ఏళ్లు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ (మనసు, కోపం అదుపులో ఉండని జబ్బు), దానికి తోడు గాబరా అని పట్నంలో డాక్టర్ రాశారు. గాబరాకు పొద్దున ఎస్సిటాలోప్రామ్ 10, రాత్రి మత్తు గోలీ క్లోనజెపామ్ 0.5. పన్నెండు రోజులైంది. దడ తగ్గలేదు, పైగా కడుపులో తిప్పుతోందంటోంది. పొద్దున తొమ్మిదైనా లేవదు. ఎన్ని నెలలు వాడాలి? రాత్రిది అలవాటు పడుతుందా? సంబంధాలు చూస్తున్నాం, వాళ్లకు చెప్పాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

వనపర్తి వదిన:
పన్నెండు రోజులకే తగ్గలేదంటే ఎట్లా తమ్మీ? ఆ పొద్దున గోలీ పనిచేస్తోందని నాకు నాలుగో వారంలో తెలిసింది. మా ఆడబిడ్డ కొడుకు పెళ్లిలో బగారన్నం రెండోసారి పెట్టించుకున్నాక గుర్తొచ్చింది, బయటికి దారి ఎటుందో ఈసారి చూసుకోనేలేదని. అంతకుముందు ఏ ఫంక్షన్ హాల్‌కు పోయినా తలుపు పక్క కుర్చీయే. కడుపులో తిప్పడం మొదట్లో ఉంటుంది, తిన్నాక వేసుకోమను. నేను చేసిన తప్పు మాత్రం చేయనివ్వకు. బాగున్నాను కదా అని ఐదో నెలలో నా అంతట నేనే ఆపేశాను. తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుజిల్లుమనేది. మళ్లీ మొదటికి వచ్చింది కథ.

కల్వకుర్తి కిరికిరి:
ఈ గోలీలన్నీ ఎందుకు భాయ్, మా ఊళ్లో రెండు సీసాల కల్లు తాగితే దడా లేదు గిడా లేదు. గుర్రుపెట్టి నిద్ర.

మెడికల్ షాపు 22 ఏళ్లు:
ఆ నిద్ర కల్లుది అనుకుంటున్నావా? అందులో కలిపే మత్తు మందులు అల్ప్రాజోలం, డైజిపామ్‌లది. చెల్లె రాత్రి వేసుకునే గోలీకి అవి అన్నదమ్ములే. పాలమూరులో సగం మందికి చీటీ లేకుండానే ట్రీట్‌మెంట్ నడుస్తోంది.

మోకు ముత్తాదు:
మాట జాగ్రత్త. మా నాయన ముప్పై ఏళ్లు మోకు కట్టి తాటిచెట్టెక్కాడు. ఒక్కనాడు చెట్టు కల్లులో మందు కలపలేదు. దుకాణంలో సీసాల్లో అమ్మేది వేరు, చెట్టు కింద తాగేది వేరు. అందరినీ ఒకే గాటన కట్టకండి.

గద్వాల టీచరమ్మ:
ముత్తాదన్నా, నిన్నెవరూ అనలేదు. కానీ దుకాణం కల్లు సంగతి నేను ఇంట్లో చూశాను. దాడులు చేసి దుకాణం మూసినప్పుడు, కల్లు దొరక్క మూడో రోజుకే మా నాయనమ్మకు చేతులు వణికాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయని కొంగుతో దులిపేది. రాత్రికి ఫిట్స్. పెద్దాసుపత్రిలో డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఏ దుకాణంలో తాగేది?" అని. చిన్నోడూ, నీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే. రోజూ వాడితే అలవాటు పడుతుంది. ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగానే తగ్గించాలి.

మెడికల్ షాపు 22 ఏళ్లు:
అంత భయపెట్టొద్దు. పొద్దున మత్తు ఉంటే అల్ప్రాజోలం 0.25కు మార్పించుకోండి. తేలిక మందు, తొందరగా దిగిపోతుంది.

గద్వాల టీచరమ్మ:
తొందరగా దిగేదే ఇబ్బంది. దిగగానే దడ, మళ్లీ గోలీ కావాలనిపిస్తుంది. క్లోనజెపామ్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. అయినా అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే చీటీ లేకుండా అమ్మకూడనిది. రిజిస్టర్‌లో డాక్టర్ పేరు, రోగి పేరు రాసి మూడేళ్లు దాచాలి. మీ షాపులో రాస్తున్నారా?

మెడికల్ షాపు 22 ఏళ్లు:
నా షాపు సంగతి నీకెందుకమ్మా? చదువుకున్నోళ్లతో ఇదే తంటా. 22 ఏళ్లలో నా చేతి మీదుగా పోయినన్ని గోలీలు నువ్వు చాక్‌పీసులు కూడా చూసి ఉండవు.

నకిరేకల్ నిరుద్యోగి:
ఇంటర్వ్యూకు చేతులు వణుకుతాయని నా రూమ్మేట్ దడ తగ్గించే ప్రొప్రనొలాల్ 20 ఇచ్చాడు. నాకు ఆస్తమా ఉందని వాడికి తెలియదు, అది ఆస్తమా ఉన్నవాళ్లకు పడదని నాకు తెలియదు. లోపలికి పిలిచేసరికి పిల్లికూతలు. ఉద్యోగం సంగతి అడగొద్దు.

పేరు వద్దు:
చెల్లెకున్నదే నాకూ ఉంది, ఆరేళ్లుగా. బోర్డర్‌లైన్‌కంటూ ప్రత్యేకంగా మందు లేదు చిన్నోడూ, ఎవరూ చెప్పలేదా? మందులు దడకు, నిద్రకు, కోపానికి. నాకు క్వెటయాపిన్ ఇస్తే నిద్ర పట్టింది, తొమ్మిది కిలోలు పెరిగాను. ల్యామోట్రిజిన్ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు, రెండో రోజే ఆపించారు. నన్ను నిలబెట్టింది డీబీటీ అనే మాటల చికిత్స. మార్షా లైనహాన్ అని అమెరికా సైకాలజిస్టు తయారుచేసిన పద్ధతి. మిర్యాలగూడలో ఎవరూ దొరక్క వీడియోలో చేశాను. చేయి కోసుకోవాలనిపించినప్పుడు గుప్పిట్లో ఐస్ ముక్క పట్టుకోమన్నారు. ఫ్రిజ్‌లో నా ఐస్ ట్రే వేరే, మా అత్త దాన్ని ముట్టదు. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కు ఫోన్ చెయ్యమను, టెలి మానస్ అని సర్కారు మానసిక సాయం నంబరు, తెలుగులో మాట్లాడతారు, పైసలు తీసుకోరు.

కల్వకుర్తి కిరికిరి:
ఐస్ ముక్కలకూ డాక్టర్ ఫీజా!

పేరు వద్దు:
నీకు నవ్వులాటగా ఉంది. నా మోచేతి కింద చూస్తే నవ్వవు.

కల్వకుర్తి కిరికిరి:
తప్పయింది అక్కా.

హాలియా చిన్నోడు:
అందరికీ దండాలు. శనివారం పట్నం పోతున్నాం, పొద్దున మత్తు గురించి అడుగుతాను. పెళ్లి సంగతి ఎవరూ చెప్పలేదు.

పేరు వద్దు:
ఆమెను అడిగావా, ఇప్పుడు పెళ్లి కావాలో వద్దో?

హాలియా చిన్నోడు:
లేదక్కా.

మోకు ముత్తాదు:
శనివారం వచ్చేటప్పుడు చింతపల్లి దగ్గర దిగు తమ్మీ, అసలు చెట్టు కల్లు ఎట్లుంటుందో చూపిస్తా. టీచరమ్మ కూడా రావచ్చు.

వనపర్తి వదిన:
చిన్నోడికైతే పోయండి అన్నా. గోలీ వేసుకునే పిల్లకు చెట్టుదైనా వద్దు.